లేని రౌండబౌట్ దగ్గర కుడికి తిరగండి

దోహాలో దారి చెప్పేవాళ్లకు కొదవ లేదు. వాళ్లు చెప్పే గుర్తులకే కొదవ. "రమదా సిగ్నల్ దాటి రండి" అంటారు. ఆ మూలనున్న రమదా హోటల్ రాడిసన్ బ్లూగా మారి ఏళ్లు గడిచిపోయాయి. నిన్నగాక మొన్న దిగిన కుర్రాడు ఆ పాత బోర్డును కళ్లతో చూసి ఉండడు. అయినా రెండో నెలకల్లా వాడూ రమదా అనే అంటాడు. "క్రేజీ సిగ్నల్ దగ్గర దించండి" అంటారు. ఒకప్పుడు అక్కడ ఎవరు ఎటునుంచి దూసుకొస్తారో తెలియని రౌండబౌట్ ఉండేది. జనం దానికి తగిన పేరే పెట్టారు. రౌండబౌట్ తీసేసి సిగ్నల్ స్తంభాలు పాతాక కూడా పిచ్చి పేరు అలాగే అంటుకొని ఉంది. రెయిన్‌బో, ఓరిక్స్, టీవీ, స్లోప్, స్పోర్ట్స్ అంటూ ఇలాంటి పేర్లు ఇంకా బోలెడు. ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు వరసగా ఉన్న ఒక మూలకు కొలెస్ట్రాల్ కార్నర్ అని కూడా పేరుండేది. వీధులకు సర్కారు పెట్టిన అసలు పేర్లు నీలం బోర్డుల మీద అందంగా రాసి ఉంటాయి. వాటిని మా తెలుగువాళ్లలో చదివినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ సంగతి మరీ వింత. కొత్త హమద్ విమానాశ్రయం తెరిచింది 2014లో. కానీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటకు ఆ పేరు అంతకు చాలా ముందునుంచే ఉంది. పక్కనే విమానాలు దిగుతూ లేస్తూ ఉన్న రోజుల్లో కూడా దాన్ని పాత ఎయిర్‌పోర్టే అనేవాళ్లం. ఈ ఊళ్లో ఏదైనా పాతబడటానికి కాలం గడవక్కర్లేదు.

నేను ఉండేది నజ్మాలో. ఇక్కడికి వచ్చింది 2000ల మొదట్లో. ఊరి చరిత్ర రాయడానికి ఆ మాత్రం కాలం చాలదని మా రాజమండ్రిలో అయితే నవ్వుతారు. అక్కడ మూడు తరాలు ఉన్నవాణ్ని కూడా "వాళ్లు ఈ మధ్య వచ్చినవాళ్లు" అనగలరు. దోహాలో లెక్క వేరు. మన్సూరా, నజ్మా, బిన్ మహమూద్, ఉమ్ గువైలినా వంటి నడిబొడ్డు పేటల్లోంచి ఖతారీ కుటుంబాలు చమురు డబ్బు వచ్చాక ఊరి అంచుల్లోని పెద్ద పెద్ద విల్లాలకు తరలిపోయాయి. ఆ ఇళ్ల జాగాలో లేచిన ఫ్లాట్లలో చేరింది మేము. ఏ సందులో ఏ దుకాణం ఉండేది, ఏ మేడ ఎప్పుడు కూలింది, ఏ సిగ్నల్ దగ్గర ముందు ఏముండేది అన్నదంతా రెసిడెన్సీ కార్డు మీద తేదీ వేసుకొని బతికే మా నోళ్లలోనే ఉంది. ఊరు వాళ్లది, దాని పాత కబుర్లు మావి. ఈ పంపకం ఎవరూ కూర్చొని చేసింది కాదు, అలా జరిగిపోయింది.

బయటివాళ్లు ఈ ఊరి గురించి రాయడం కొత్తేమీ కాదు. పాల్‌గ్రేవ్ అనే ఇంగ్లీషాయన సిరియా వైద్యుడి వేషం వేసుకొని అరేబియాను అడ్డంగా దాటి, 1863లో ఈ తీరానికి చేరాడు. అప్పటికి దీన్ని బిద్దా అనేవారు. ఇప్పుడు కార్నిష్ పక్కనున్న పార్కుకి మిగిలిన పేరు అదే. షేక్ మహమ్మద్ బిన్ థానీ ఆయనకు ఆతిథ్యమిచ్చాడు. దొరగారు షేక్‌ను తెలివైనవాడని మెచ్చుకొని, ఊరిని మాత్రం తిట్టిపోసి వెళ్లాడు. ఆ తర్వాత బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కోసం లోరిమర్ అనే ఐసీఎస్ అధికారి గల్ఫ్ మొత్తానికి గెజెటీర్ తయారుచేశాడు. ఊళ్లు, బావులు, పడవలు, ఒంటెలు, ఖర్జూరపు చెట్లు అన్నీ లెక్కపెట్టించిన ఆ పుస్తకంలో ఊళ్ల వివరాల భాగం 1908లో కలకత్తాలో అచ్చయింది. అందులో దోహా జనాభా సుమారు 12 వేలు. ఇప్పుడు మా పేటలో నాలుగు వీధులు కలిపితే అంతమంది తేలతారేమో.

పరాయి ఊళ్ల మీద రాతల మాటకొస్తే, అమెరికా వాళ్లు పారిస్‌లో కొన్నాళ్లుండి ఫ్రెంచివాళ్ల మీద సరదాగా రాసిన పుస్తకాలు బీరువాలు నిండేటన్ని ఉన్నాయి. మార్క్ ట్వేన్ 1869లోనే ఆ పనికి శ్రీకారం చుట్టాడు. ఆర్ట్ బుక్వాల్డ్ పత్రికలో ఏళ్ల తరబడి రాశాడు. డేవిడ్ సెడారిస్ ఫ్రెంచి క్లాసులో పడ్డ పాట్లన్నీ 2000లో పుస్తకమయ్యాయి. చదివి నవ్వుకున్నాను గానీ, నాకు వాళ్ల మీద కాస్త అసూయ కూడా ఉంది. వాళ్లకు ఫ్రెంచివాడు పక్కింట్లోనే దొరికాడు. రొట్టెల దుకాణంలో, మెట్ల మీద, మూల మీది కాఫీ కొట్టులో ఎక్కడ చూసినా ఫ్రెంచివాడే. మాకు ఖతారీ దొరకాలిగా! 30 లక్షల జనంలో వాళ్లు పదిమందికి ఒకరు. విమానం దిగిన తెలుగువాడికి ఖతార్ మొదట కనిపించేది మలయాళీ రూపంలో. టీ ఇచ్చేది మలయాళీ, సరుకులమ్మేది మలయాళీ. తర్వాత నేపాలీ కాపలాదారు, ఫిలిప్పీన్స్ నర్సు, ఈజిప్టు మేనేజరు, సూడాన్ గుమస్తా, పాకిస్తానీ డ్రైవరు. వీళ్లందరినీ దాటుకొని వెళ్తే, ఆఫీసులో కౌంటరు అవతలో, తెల్ల లాండ్‌క్రూజరు అద్దం వెనకో, తెల్లటి పొడవాటి థోబ్‌లో ఒక ఖతారీ. కనక మేము రాసే ముచ్చట్లలో సగం కారు కిటికీలోంచి చూసినవే అవుతాయి.

అయితే రాకపోకల లెక్క తీస్తే ఫ్రాన్సు, అమెరికాల కంటే మనకూ ఈ తీరానికీ ఉన్న చుట్టరికమే చిక్కన. చమురు లేని రోజుల్లో ఈ ఊరి బతుకంతా ముత్యాల మీద. ఎండాకాలం నెలల తరబడి పడవల్లో ఉండి, ముక్కుకి క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని సముద్రంలోకి దిగేవారు. తీసిన ముత్యాలు బొంబాయి చేరేవి. అక్కడినుంచి కొన్ని హైదరాబాదు చేరి నవాబుల మెడల్లో బస్రా ముత్యాలయ్యాయి. చార్మినార్ దగ్గర మన పెద్దలు బేరమాడి కొన్న ముత్యాల్లో ఏదో ఒకటి ఈ అల్ బిద్దా మనిషి ఊపిరి బిగబట్టి తీసిందే కాకూడదని ఏముంది? 1930లలో జపాను సాగు ముత్యాలు, ప్రపంచమంతా కమ్మిన ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి. ఖతార్‌లో ఆకలి ఏళ్లు నడిచాయి. దుఖాన్‌లో 1939-40లో చమురు పడింది గానీ, యుద్ధం అడ్డొచ్చి మొదటి ఓడ కదిలేసరికి 1949 చివరయింది.

అప్పట్లో ఇక్కడ చలామణీ అయిన డబ్బు మన రూపాయి! ఈ మాట చెబితే మా కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలు నమ్మరు. రూపాయలు, అణాలు, తర్వాత నయాపైసలు ఇవే ఇక్కడి బజారులో తిరిగాయి. గల్ఫ్ నుంచి బంగారం దొంగతనంగా మన దేశంలోకి వచ్చి, రూపాయలు బయటికి పోయి, విదేశీ నిల్వలు కరిగిపోతుంటే, 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగులో నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. రాత్రికి రాత్రి తమ జేబుల్లో డబ్బు చిక్కిపోతే ఎవరికి మండదు? ఖతార్ కొన్నాళ్లు సౌదీ రియాలు వాడుకొని, దుబాయితో కలిసి సొంత రియాలు తెచ్చుకుంది. 1973 నుంచి పూర్తిగా తన రియాలే. ఆ రోజు రూపాయిని వదిలించుకున్న ఊళ్లోనే ఇవాళ మేము నెలాఖరున ఎక్స్‌చేంజ్ కౌంటరు ముందు నిలబడి, రూపాయి ఇంకో పది పైసలు పడితే పంపుదామని ఆగుతాం. దేశభక్తి ఎంతున్నా ఆ నాలుగు రోజులు రూపాయి పడాలనే కోరుకుంటాం. ఇది ఎవరూ పైకి ఒప్పుకోరు.

మా బిల్డింగులో జగిత్యాల కాక ఒకాయన ఉండేవాడు. బొంబాయి మీదుగా వచ్చినవాళ్లలో ఒకడు. వెస్ట్ బేలో ఆకాశహర్మ్యాలు చూసి ఫోటోలు తీసుకునే కుర్రాళ్లను చూస్తే ఆయనకు నవ్వొచ్చేది. "గీ బిల్డింగులు యాడివి బిడ్డా? గిదంత సముద్రం పూడ్చిన జాగ. మేమచ్చినప్పుడు గా షెరటాన్ ఒక్కటే, ఎడారిల గుడి లెక్క నిలవడి ఉండె" అనేవాడు. పిరమిడ్ ఆకారపు ఆ హోటలు తెరిచింది 1982లో. ఊళ్లో అప్పుడు అదే పెద్ద వింత. కాకకు అది కొండగుర్తు కూడా. సముద్రం ఒడ్డున ఎక్కడ నిలబడ్డా షెరటాన్ కనబడితే తాను ఏ దిక్కున ఉన్నాడో తెలిసేదట. ఇప్పుడు దాన్ని మేడల మధ్య వెతుక్కోవాలి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి కాక లాంటివాళ్లు ముందు వచ్చి పునాదులు తవ్వారు. కోనసీమ, కడప వాళ్లు ఇళ్లలో, డ్రైవర్లుగా కుదిరారు. ఇంజినీర్లు, అకౌంటెంట్లు, నర్సులు, ఐటీ వాళ్లు ఆ తర్వాతి వరస.

శుక్రవారం గురించి చెప్పాలి. మా జీవితాల్లో ఇంత పెద్ద దేవుడు ఇంకొకడు లేడు. ఒకప్పుడు ఇక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. 2003లో శుక్ర, శనివారాలకు మారింది. ఇంటికి ఫోన్ చేసి "ఇవాళ సెలవు" అంటే "శుక్రవారం పూట సెలవేమిట్రా" అని మా అమ్మ ఏళ్ల తరబడి ఆశ్చర్యపోతూనే ఉంది. పంచాంగంలో ఉగాది ఏ వారం పడ్డా దోహాలో ఉగాది శుక్రవారమే. సంక్రాంతి శుక్రవారం, బతుకమ్మ శుక్రవారం, కార్తీక వనభోజనాలూ శుక్రవారమే. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ ప్రజా సమితి వంటి సంఘాల వాళ్లు తిథి నక్షత్రాల కంటే ముందు హాలు దొరికే తేదీ చూస్తారు. పంచాంగ శ్రవణం చేసే ఆయన కూడా ఉద్యోగస్తుడే, ఆయనకూ అదే సెలవు. 2024 నవంబరులో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు దోహాలో జరిగింది. తేదీలు 22, 23. ఏ వారాలో వేరే చెప్పక్కర్లేదు. క్రైస్తవులదీ ఇదే కథ. ఊరి దక్షిణాన అబూ హమూర్ దగ్గర చర్చిలన్నీ ఒక ఆవరణలో ఉన్నాయి. అక్కడ 2008లో క్యాథలిక్ చర్చి తెరిచారు. ఆదివారం ఆరాధన శుక్రవారం నిండుగా జరుగుతుంది. అక్కడికి వెళ్లే మా గోదావరి జిల్లాల వాళ్లు "శుక్రవారం ఆదివారం కదా" అని మామూలుగా అనేస్తారు, వినేవాళ్లం కూడా మామూలుగానే తల ఊపుతాం.

పాత దోహాలో శుక్రవారం సాయంత్రం అంటే నేషనల్. ముషైరిబ్ దగ్గరి చోటది. ఆ పేరు గల ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం బోర్డు వల్ల వచ్చిందని అనేవాళ్లు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల నుంచి బస్సులు దిగిన జనం అక్కడ చేరేవారు. మైకు లేదు, జెండా లేదు. అయినా ఆ గుంపుల్లో ఒక పద్ధతి ఉండేది. ఈ మూల సిరిసిల్ల, ఆ మెట్ల దగ్గర నిర్మల్, బ్యాంకు గోడ పక్కన కోనసీమ అని ఎవరి జాగా వాళ్లది. ఊరికి పోయే మనిషి చేతికి ఇవ్వాల్సిన ఉత్తరాలు, డబ్బు, టేపురికార్డరు క్యాసెట్లు అక్కడే చేతులు మారేవి. పెళ్లి సంబంధాలు కూడా కలిశాయి. తర్వాత ఆ పేటనంతా పడగొట్టి ముషైరిబ్ డౌన్‌టౌన్ కట్టారు. చక్కటి రాతి మేడలు, ట్రామ్, నీడ పట్టు వీధులు. బాగుంది, నిజంగానే బాగుంది. కాని నిర్మల్ మెట్లు ఏ మేడ కింద ఉన్నాయో చెప్పే ఫలకం అక్కడ ఎక్కడా లేదు. ఆ చుట్టుపక్కల పాత ఇళ్లను కొన్నింటిని మ్యూజియాలుగా కాపాడారు కాబట్టి ఈ మాట ఇంకాస్త గట్టిగా అనాలనిపిస్తుంది.

ఇక అలవాట్లు. దోహాలో టీ తాగడానికి కారు దిగనక్కర్లేదు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే చాలు, కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. రెండు కొడితే తొందరలో ఉన్నారని అర్థం. బాగా మరిగించిన పాల టీ, కరక్ అంటారు, ఏలకులు వేసి కాగితం కప్పులో ఇస్తారు. అరవై డెబ్బై లక్షల రూపాయల కారులో కూర్చున్న ఖతారీ, డెలివరీ బైకు మీదున్న మన అబ్బాయి ఒకే కొట్టు ముందు ఒకే టీ కోసం ఆగుతారు. మన దగ్గర నుంచి వచ్చిన టీని వాళ్లు ఇంతగా సొంతం చేసుకున్నారు గానీ, దిగి నిలబడి, గ్లాసు పట్టుకొని, రాజకీయాలు మాట్లాడటం మాత్రం నేర్చుకోలేదు. టీలో అసలు రుచి అక్కడే ఉందని ఎవరైనా చెప్పాల్సింది.

వాళ్ల సొంత పానీయం గహ్వా, అంటే అరబ్బీ కాఫీ. లేత పసుపు రంగులో, ఏలకుల వాసనతో, చక్కెర లేకుండా, చెవి లేని చిన్న కప్పులో అడుగున కాస్త పోసి ఇస్తారు. పక్కన ఖర్జూరం. తాగేసి కప్పు చాపితే మళ్లీ పోస్తారు. ఎన్నిసార్లు చాపితే అన్నిసార్లు. వద్దనుకుంటే నోటితో చెప్పక్కర్లేదు, కప్పును అటూ ఇటూ చిన్నగా ఊపాలి. ఈ సంగతి తెలియక మర్యాదగా తాగుతూనే ఉండిపోయి, రాత్రి నిద్రపట్టక బాధపడిన తెలుగువాళ్ల కథలు ప్రతి ఆఫీసులోనూ ఉన్నాయి. మనవాళ్లకు పెట్టేవాడు ఆగేదాకా తినడమే మర్యాద, వాళ్లకు తినేవాడు ఆపేదాకా పెట్టడం మర్యాద. ఇద్దరు మర్యాదస్తులు ఎదురుపడితే కాఫీ కూజా ఖాళీ కావాల్సిందే.

కారు సంగతి ఇంకో పురాణం. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ఎడమ వరసలో మీరు హద్దులోపలి వేగంతోనే పోతున్నా సరే, అద్దంలో ఒక తెల్ల లాండ్‌క్రూజరు ప్రత్యక్షమై లైట్లు కొట్టిందంటే పక్కకి తప్పుకోవాలి. తర్కం అడక్కూడదు. అదే మనిషి మీ కారు ఇసుకలో దిగబడితే ఎక్కడినుంచో వచ్చి, తాడు కట్టి లాగి, చేయి గుండె మీద పెట్టుకొని వెళ్లిపోతాడు. పేరు కూడా చెప్పడు. ఆయన కారు నంబరు ఎన్ని అంకెలో చూస్తే ఆయన ఎంత గొప్పవాడో తెలుస్తుందని ఊళ్లో అంటారు. అంకెలు తగ్గేకొద్దీ గొప్ప పెరుగుతుంది. మంచి నంబర్లను ప్రభుత్వమే వేలం వేస్తుంది, లక్షల రియాళ్లు పలుకుతాయి. తొమ్మిది సంఖ్య కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగే మనవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. మొదటిసారి ఖతారీల మీద ఆత్మీయత కలిగేది ఇక్కడే.

డేగల విషయం క్లుప్తంగా. సూక్ వాకిఫ్ బజారులో డేగలకు ప్రత్యేకంగా ఆసుపత్రి ఉంది, విరిగిన ఈకను అతికిస్తారు, ఎక్స్‌రే తీస్తారు. డేగకు పాస్‌పోర్టు ఉంటుంది, విమానంలో యజమాని పక్కన ప్రయాణిస్తుంది. షహానియాలో ఒంటెల పందేలు ఉంటాయి. ఒకప్పుడు చిన్నపిల్లలను రౌతులుగా కూర్చోబెట్టేవాళ్లు. 2005లో అది మాన్పించి మరమనుషులను ఎక్కించారు. ఇప్పుడు ఒంటె మీద రంగు చొక్కా తొడుక్కున్న చిన్న యంత్రం ఊగుతుంటుంది, పక్కన రోడ్డు మీద యజమానులు కార్లలో పరుగులు తీస్తూ రేడియోలో దాన్ని బతిమాలుతుంటారు, తిడుతుంటారు. చూసి తీరాల్సిన దృశ్యం.

రంజాన్ నెలలో మాత్రం ఖతారీ ఇల్లు కాస్త తెరుచుకుంటుంది. పగలు ఊరు నిద్రపోతుంది, ఫిరంగి పేలాక లేస్తుంది. హరీస్ తింటున్నప్పుడు మన హలీమ్ గుర్తురాక మానదు. గుర్తురావాలి కూడా, నిజాం కొలువులో పనికి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బుల చేతి వంటే కదా మన హలీమ్‌కు మూలం. నెల నడిమి రాత్రి గరంగావో పండగ. పిల్లలు మెరిసే బట్టలు కట్టుకొని, మెడలో సంచులు వేలాడదీసుకొని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. గింజలు, మిఠాయిలు సంచుల్లో పడతాయి. మా ఊళ్లో దసరాకు పంతులుగారి వెంట పూల విల్లంబులు పట్టుకొని పప్పుబెల్లాల కోసం తిరిగిన తరం వాళ్లం మేము. గరంగావో పిల్లలను చూసినప్పుడు మాకు ఎవరూ ఏమీ విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ పండగ మాల్స్‌లోకి చేరింది, మన పప్పుబెల్లాలు ఎక్కడా చేరలేదు. ఏది నయమో తేల్చలేకపోతున్నాను.

అన్నింటికంటే ముఖ్యమైనది పెరుగు. దోహా తెలుగువాళ్ల చరిత్రను నేను 2017 జూన్ 5కి ముందు, తర్వాత అని విడగొడతాను. ఆ రోజు సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. రంజాన్ నెల. ఉన్న ఒక్క భూసరిహద్దు అబూ సమ్రా మూతబడింది. పొద్దున్నే వాట్సప్ మోగింది, మధ్యాహ్నానికల్లా సూపర్‌మార్కెట్లలో బండ్లు గుద్దుకున్నాయి. మిగతా దేశాలవాళ్లు బియ్యం, కోళ్లు, నీళ్ల సీసాలు ఎత్తుకుంటుంటే మనవాళ్లు నేరుగా పాల అరల దగ్గరికి పరుగెత్తారు. పెరుగు లేని భోజనం భోజనమా? అప్పటిదాకా మా పెరుగు ఎక్కువగా సౌదీ డెయిరీదే. ఆ రోజు అక్కడ ఖాళీ అరలు, నాలుగు చీజ్ డబ్బాలు మిగిలాయి. ఒకావిడ చివరి పెరుగు డబ్బా అందుకొని, "ఇది తినడానికి కాదు, తోడుకి" అని చుట్టూ ఉన్నవాళ్లకు సంజాయిషీ చెప్పడం నేను విన్నాను. ఆ సాయంత్రం మా బిల్డింగులో మూడో అంతస్తు నుంచి ఐదో అంతస్తుకు తోడు పంపకాలు జరిగాయి.

రెండు రోజుల్లో టర్కీ నుంచి విమానాల్లో పాలు, పెరుగు దిగాయి. డబ్బా మీద రాత అర్థం కాక ఏది తీపి పెరుగో, ఏది పుల్లదో, ఏది ఉప్పు మజ్జిగో తెలియక, కొన్ని వారాలు పెరుగన్నం లాటరీ అయింది. ముంద్రా, నవ షేవా రేవుల నుంచి హమద్ పోర్టుకు నేరుగా ఓడలు మొదలయ్యాక కందిపప్పు, మిరపకాయల బెంగ తీరింది. అసలు విడ్డూరం జూలైలో. ఆవులే విమానమెక్కి వచ్చాయి! బలద్నా అనే సంస్థ ఐరోపా నుంచి హోల్‌స్టీన్ పాడి ఆవులను తెప్పించింది. మొదటి విడతలో 165. నడివేసవిలో, 45 డిగ్రీల ఎండలో, ఎడారిలో దిగిన ఆవులు ఏసీ కొట్టంలో నిలబడి పాలిచ్చాయి. ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం ఎండలో కూలీల చేత పని చేయించకూడదన్న నిబంధన ఉంది, 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మూడున్నర వరకు. కాని కూలీల క్యాంపు గదుల ఏసీ ఎప్పుడు బాగవుతుందో ఎవరూ చెప్పలేని రోజులు మేము చూశాం. అందుకే ఆవుల ఫోటో పేపర్లో చూసి జగిత్యాల కాక, "నసీబు గోవులది" అన్నాడు. మేము నవ్వాం, ఆయన నవ్వలేదు. 2021 జనవరిలో సరిహద్దు తెరిచారు, సౌదీ పెరుగు తిరిగొచ్చింది. మా ఇంట్లో ఇప్పటికీ బలద్నానే. అలవాటు, కొంచెం విశ్వాసం కూడా.

ఎండ మాట వచ్చింది గనక సుహైల్ గురించి. ఆగస్టు 24 ప్రాంతంలో దక్షిణాన తెల్లవారుజామున ఆ నక్షత్రం పొడుస్తుంది. ఏటా ఖతార్ క్యాలెండర్ హౌస్ వాళ్లు ప్రకటిస్తారు, పేపర్లు వేస్తాయి, ఖతారీ పెద్దల ముఖాలు విచ్చుకుంటాయి. ఎండ తీవ్రత విరిగే కాలానికి అది కబురు. ఈ దేశం తన ఉపగ్రహాలకు పెట్టుకున్నదీ ఆ పేరే. మన పెద్దలు అగస్త్యుడన్నదీ ఆ నక్షత్రాన్నే. అగస్త్యోదయమైతే వానాకాలపు బురద నీళ్లు తేరతాయని మన కావ్యాల్లో చెబుతూనే ఉంటారు. ఇక్కడ తేరడానికి నీళ్లెక్కడివి, ఆగస్టు గాలిలోని తేమ తప్ప? ఆ తేమలో కళ్లజోడు పెట్టుకొని ఏసీ కారు దిగితే లోకం మాయమవుతుంది.

ఫ్రెంచి వైభవం చూడాలంటే మాకు వీసా అక్కర్లేదు. పారిస్ కూడలి పేరుతో లుసైల్‌లో 2022లో ప్లాస్ వాండోమ్ అనే మాల్ తెరిచారు. వెనిస్ కావాలంటే విలాజియో మాల్‌లో ఉంది, పైకప్పుకు మేఘాలు వేసి, లోపల కాలవ తవ్వి పడవలు నడుపుతారు. వేసవి సెలవుల్లో వచ్చిన మా అత్తగారు ఆ ఉత్తుత్తి ఆకాశం కింద గంటసేపు నడిచి, "ఎంతసేపటికీ పొద్దుగూకదేంట్రా అబ్బాయ్" అన్నారు. నిజమైన ఫ్రెంచి పనితనం మాత్రం జాతీయ మ్యూజియంలో ఉంది. జాన్ నువేల్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి, ఎడారి ఇసుకలో దొరికే రాతి గులాబీల రూపంలో దాన్ని కట్టాడు, 2019లో తెరిచారు. లోపల ముత్యాల గది ముందు మా తెలుగువాళ్లు ఎక్కువసేపు ఆగడం గమనించాను. వెల కట్టుకుంటూ ఉంటారు.

ఇంతకాలం ఉన్నా ఇక్కడివాళ్లం కాగలమా? చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ అయ్యాడు. హైదరాబాదులో సినిమా ఘర్ కట్టించిన ఆయనే. 2010లో, తొంభై నాలుగు దాటిన వయసులో ఖతార్ పౌరుడై, మరుసటి ఏడే లండన్‌లో కన్నుమూశాడు. ఎడ్యుకేషన్ సిటీలో ఇప్పుడు ఆయన పేర మ్యూజియం ఉంది. మిగతావాళ్లకు 2018లో శాశ్వత నివాసపు చట్టం వచ్చింది. బయట పుట్టినవాళ్లయితే ఇరవై ఏళ్లు ఇక్కడ ఉండాలి, అరబ్బీ రావాలి, ఏడాదికి వందమందికి మించి ఇవ్వరు. అదే ఏడాది చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ బాధ తప్పింది, 2020లో ఇళ్లలో పనిచేసేవాళ్లకూ తప్పింది. అంతకుముందు అమ్మ పోయిందని తెలిసినా యజమాని సంతకం లేకుండా విమానం ఎక్కలేకపోయేవాళ్లం. ఉండిపోవడానికి వందమంది లెక్క తెచ్చిన ఏడే వెళ్లిపోవడానికి తలుపు తీశారు. మావాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చింది రెండోదే.

వెళ్లేవాళ్లు సామాన్లు అమ్ముకుంటారు. మంచం, ఫ్రిజ్, కుక్కరు, బతుకమ్మకు కొన్న ఇత్తడి తాంబాళం. మా బిల్డింగులో ఒక వెట్ గ్రైండర్ ఉంది. కోయంబత్తూరు సరుకు. ఏలూరు వాళ్లు తెచ్చారు, వాళ్లు వెళ్తూ వరంగల్ వాళ్లకు అమ్మారు, వాళ్లు కెనడా పోతూ కర్నూలు వాళ్లకు ఇచ్చారు. పోయిన నెల కర్నూలు ఆవిడ దానికి నూట యాభై రియాళ్లు చెప్పింది. కొనడానికొచ్చిన కొత్త జంట, విజయనగరం వాళ్లు, మూత తీసి రాళ్లు తడిమి చూశారు.

"రాళ్లరిగిపోనాయి కదక్కా, వందకి ఇచ్చీండి."

"అరిగిన రాయిలోనే పిండి మెత్తగా అయితాది చెల్లెమ్మా. పైగా ఇది మా కంటే సీనియరు, ఈ ఇంట్లో ఇప్పటికి మూడు సంసారాలు చూసినాది. నూట నలభై."

నూట ఇరవైకి తెగింది.